ముందు తలుపు లెక్క

పోయిన వారం మన లెక్కలమ్మాయిని ఆదివారం ఉదయం చర్చి గేటు ముందు, చేతిలో ఉత్తరంతో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది, కాళ్ళు లాగుతుంటాయి. ఆమెను లోపలికి పంపే ముందు, ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. అయినా ఇంట్లో తల్లి దగ్గర నుంచి ఆఫీసులో ప్యూను దాకా అందరికీ లెక్కలమ్మాయే. ఉద్యోగం గణాంకాల శాఖలో. ఒకే ఆదివారం నలభై ఏడు చర్చిల దగ్గర మనుషుల్ని నిలబెట్టి, వచ్చేవాళ్ళని లెక్కపెట్టించి, వయసులు అడిగించి, నివేదిక రాసింది. ఈ చర్చి దగ్గర మాత్రం స్వయంగా తనే నిలబడింది. ఇక్కడ తేలిన లెక్క పందొమ్మిది మంది, సగటు వయసు డెబ్బై ఒకటి. పత్రికవాళ్ళు ఆ అంకెనే ఏరుకుని 'పందొమ్మిది మంది ముసలివాళ్ళు, ఒక ఖాళీ హాలు' అని మొదటి పేజీలో వేశారు. దాంతో మునిసిపాలిటీకి ఆ హాలు తమదేనన్న సంగతి గుర్తొచ్చింది. క్రమం తప్పకుండా నూట యాభై మందైనా రాని హాలును వెనక్కి తీసుకోవచ్చని వాళ్ళ నిబంధన. సోమవారం పదకొండు గంటలకు సమావేశం పెట్టుకున్నారు. అది అయిపోతే ఆ హాలు పాత ఫైళ్ళ గోదాము అయిపోతుంది.

ఇంతలో చర్చి నుంచి లెక్కలమ్మాయికి ఉత్తరం వచ్చింది. తిట్లుంటాయని గుటకలు మింగుతూ విప్పింది. రెండే వాక్యాలు. 'ఆదివారం రండి. ఈసారి ఆకలితో రండి.'

అలా వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఇక లోపలికి పోదాం.

ముందు తలుపు దాకా వాలుగా సిమెంటు బాట, పక్కనే పట్టుకుని నడవడానికి ఇనుప కడ్డీ. కిందటిసారి ఆమె నిలబడ్డది ఈ తలుపు పక్కనే. తలుపు దగ్గర కుర్చీలో చేతికర్రతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు రైలింజను నడిపి రిటైరయ్యాడు. చర్చిలో అందరూ రైలు తాతయ్య అంటారు.

"వందనాలమ్మా! మళ్ళీ లెక్కకేనా?" అన్నాడు ఆనందంగా. "అయితే నన్ను ఇరవయ్యోవాడిగా వేసుకో. ఆ ఆదివారం నాకు జలుబు చేసి రాలేదు. పేపర్లో పడే అదృష్టం తప్పిపోయిందని ఇప్పటికీ బాధ."

ఆమెకు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. "లోపలికి వెళ్ళచ్చా తాతయ్యా?"

"ఇటు నుంచా? నీకేం వచ్చిందమ్మా, కాళ్ళు శుభ్రంగా ఉన్నాయిగా! ఇది మా కర్రలవాళ్ళ దారి. మోకాళ్ళు మొరాయించినవాళ్ళకీ, చక్రాల కుర్చీలవాళ్ళకీ వేయించిన దారి. పన్నెండేళ్ళ నుంచి మేము తప్ప ఇటు ఎవరూ రారు. నువ్వు గోడ పట్టుకుని వెనక్కి పో. దారి తెలియకపోతే ముక్కునడుగు, అదే తీసుకెళ్తుంది."

కిందటిసారి తను ఎవరి దారి లెక్కపెట్టిందో లెక్కలమ్మాయికి అప్పుడు అర్థమైంది.

గోడ వెంబడి నడిచి మలుపు తిరిగేసరికి ముందు చప్పుడు వినిపించింది, తర్వాత వాసన తగిలింది, ఆ తర్వాత మనుషులు కనిపించారు. వెనక సందులో బస్‌స్టాపు. అప్పుడే ఆగిన బస్సులోంచి జనం బిలబిలమంటూ దిగుతున్నారు. గోడకి ఆనించిన సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గిన్నె, మూతలకి కట్టిన గుడ్డలు. చంకలో బిడ్డ ఉన్న తల్లి ఒక చేత్తో గిన్నె పట్టుకుని, వంటింటి తలుపును భుజంతో నెట్టుకుంటూ లోపలికి దూరింది. ఆమె వెనక ముగ్గురు కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనక గిటారు మోసుకుంటూ ఒక నర్సు, ఆమె వెనక ఇంకా, ఇంకా.

ఇంతకీ ఆ ఆదివారం జరిగింది ఇదీ. వండినవి తెచ్చేవాళ్ళు వంటింట్లో దించి లోపలికి వెళ్తారు. పిల్లలున్నవాళ్ళు వంటింటి పక్క గదిలో పిల్లల్ని సండే స్కూలుకి అప్పగించి వెళ్తారు. బస్సు దిగినవాళ్ళకీ సైకిలు పెట్టినవాళ్ళకీ అదే దగ్గర. లోపల్నుంచే హాల్లోకి నడవా ఉంది. లెక్కలమ్మాయి మాత్రం అవతల వైపు, శుభ్రమైన సిమెంటు బాట పక్కన, గంటన్నర సేపు ఒంటికాలి మీద నిలబడి కర్రల్ని లెక్కపెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే సంచీలోకి పోయింది. వేలితో నొక్కితే అంకె మారే లెక్కల మీట బయటికొచ్చింది. టక్. టక్. టక్‌టక్‌టక్.

"ఆపమ్మాయ్, ముందు ఈ గిన్నె పట్టుకో!"

తలుపులో నిలబడి కేకేసింది కెటిల్ పెద్దమ్మ. ముప్ఫై మందికి సరిపడే టీ కెటిలు ఒంటిచేత్తో ఎత్తుతుంది కనుక ఆ పేరు. చర్చి వంటిల్లు ఆమె రాజ్యం, ఆ ఉత్తరం రాసిందీ ఆమే.

"మీరు నన్ను తిడతారనుకున్నాను పెద్దమ్మా."

"తిట్టే తీరిక ఎక్కడిదీ! నీ పుణ్యమా అని ఈ నెల రోజుల్లో మేము నవ్వినంత ఎప్పుడూ నవ్వలేదు. ఏమే నర్సమ్మా, చెప్పు నీ సంగతి!"

గిటారు దించుతూ నర్సు పకపకా నవ్వింది. "మా హాస్పిటల్లో డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, 'మీవాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారమ్మా' అని అడిగారు మేడం. గొంతు చూస్తే సంతాపసభలో మాట్లాడుతున్నట్టుంది. నాకు ఇరవై ఆరేళ్ళండీ!"

"నాకు బస్సులో సీటిచ్చారు," అన్నాడు ఒక కుర్రాడు. "ఇతను చర్చివాడని పక్కనున్నవాడు చెప్పాడట."

"నా కథ వినండి," అంది చంకలో బిడ్డ ఉన్న తల్లి. "మా పక్కింటావిడ నాకు మోకాళ్ళ నూనె తెచ్చిచ్చింది. ఈ బిడ్డ నాదేనంటే నమ్మట్లేదు!"

వంటింట్లో నవ్వులే నవ్వులు. లెక్కలమ్మాయికీ నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె కూడా నమ్మింది. ఈ నెల రోజులూ క్రైస్తవులు అన్న మాట ఎక్కడ వినిపించినా ఆమె కళ్ళ ముందుకొచ్చింది తెల్లజుట్టూ, వణికే చేతులూ, ఖాళీ బెంచీలూ. ఊళ్ళోవాళ్ళు ఆమె అంకెను చూసి నమ్మారు. తన అంకెను తను చూసి నమ్మింది.

ఆరాధన మొదలైంది. ఈసారి హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడి లెక్కపెట్టింది. పాట పాడేటప్పుడు అందరూ లేస్తారు కనుక లెక్క తేలిక. మొదటిసారి నూట అరవై ఒకటి వచ్చింది. రెండోసారి నూట అరవై మూడు. తేడా ఎక్కడా అని చూస్తే, ఇద్దరు పసివాళ్ళు తల్లుల భుజాల మీద అటు తిరిగి నిద్రపోతున్నారు. మూడోసారి కూడా లెక్కపెట్టింది. నూట అరవై మూడు. నిబంధన అడిగినదానికన్నా పదమూడు ఎక్కువ. ఉద్యోగంలో చేరాక ఒక అంకెను చూసి ఆమెకు కళ్ళనీళ్ళు తిరగడం అదే మొదలు.

భోజనాల దగ్గర అసలు గొడవ వచ్చింది.

సంఘానికి కార్యదర్శి ఒక దర్జీ. కొలతల మనిషి, ఖచ్చితమైన మనిషి, కానీ హాలు పోతుందన్న దిగులుతో నెల రోజులుగా నిద్ర లేదు. వంటింటి గోడకు వేలాడే ఒక నోటుపుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ప్రతి ఆదివారం ఎన్ని ప్లేట్లు పెట్టారో పదకొండేళ్ళుగా కెటిల్ పెద్దమ్మ రాస్తున్న పుస్తకం అది. వచ్చే వారం ఎంత వండాలో తెలియడానికి రాసుకుంటుంది.

"చూడండి మేడం. పోయిన వారం రెండు వందల నలభై. అంతకుముందు రెండు వందల ముప్ఫై ఆరు. ఈ లెక్క వేసి సంతకం పెట్టండి. మునిసిపాలిటీ నోరు మూతపడుతుంది."

పేజీలు తిప్పుతుంటే లెక్కలమ్మాయికి ముచ్చటేసింది. గణాంకాల శాఖలో ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం ఒక్కటీ లేదు. "మరి పెద్దమ్మా, రెండోసారి ప్లేటు తీసుకున్నవాళ్ళు?"

"వాళ్ళని అడ్డగీత కొట్టి తీసేస్తాను. నేనేమన్నా పిచ్చిదాన్నా!"

"అయితే ప్రార్థనలో నూట అరవై మూడు మందే ఉన్నారు. మిగతావాళ్ళెవరు?"

మూలన కూర్చుని తింటున్న ఎదురింటి మెకానిక్కు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"వీడొకడు," అంది పెద్దమ్మ వేలు చూపిస్తూ. "వీడికి ప్రార్థన రాదు, ఆకలి మాత్రం వస్తుంది. వీడి షెడ్డులో పనివాళ్ళూ, సందు చివర పువ్వుల కొట్టువాళ్ళూ, బస్సు డ్రైవర్లూ. ఆకలేసినవాళ్ళని మీ మతమేంటని అడిగి వడ్డించే అలవాటు మాకు లేదు."

"అయితే రెండు వందల నలభై రాయలేను."

దర్జీ మొహం జేవురించింది. "ఎందుకు రాయలేరు? పందొమ్మిదని రాసేటప్పుడు ఇంత పట్టింపు ఎక్కడికి పోయింది? మమ్మల్ని తగ్గించడానికి మీ చెయ్యి ఆగలేదు. పెంచడానికి ఆగుతోందా?"

ఆ మాట సూటిగా తగిలింది. అందులో తప్పేమీ లేదు కనుక ఇంకా గట్టిగా తగిలింది. లెక్కలమ్మాయి ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీరన్నది నిజమే. నా తప్పు వల్ల మీ హాలు పోయేలా ఉంది. అందుకే ఇంకో తప్పు చెయ్యలేను. రేపు నేను రెండు వందల నలభై అన్నాననుకోండి. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి చూస్తారు. మెకానిక్కు గారిని ఒక పాట పాడమంటారు. ఆయన పాడితే—"

"అమ్మో, వద్దు!" అన్నాయి నాలుగైదు గొంతులు ఒకేసారి. మెకానిక్కు కూడా వాటితో గొంతు కలిపాడు.

"అప్పుడు పేపర్లో ఏమొస్తుంది? చర్చివాళ్ళు దొంగలెక్క చెప్పారని వస్తుంది. ముసలివాళ్ళంటే జాలిపడి సీటిచ్చారు. అబద్ధాలకోరులంటే సీటు కూడా ఇవ్వరు."

అప్పటిదాకా తలుపు దగ్గర గిన్నెలు తుడుస్తున్న పాస్టరుగారు గుడ్డ భుజాన వేసుకుని వచ్చి దర్జీ పక్కన కూర్చున్నారు. మెల్లగా మాట్లాడే మనిషి. "మనల్ని తక్కువ చేసిన అంకె తప్పయినప్పుడు, ఎక్కువ చేసే అంకె ఒప్పెలా అవుతుందయ్యా? నూట అరవై మూడు చాలు. ఆ పదమూడు మంది ఎక్కువున్నారు చూడు, వాళ్ళే మనకి నిబ్బరం."

దర్జీ ప్లేట్ల పుస్తకం మూసి పెద్దమ్మ చేతికిచ్చాడు. "నా కోపం మీ మీద కాదు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "నా పెళ్ళి ఈ హాల్లోనే అయింది. ఇక్కడ ఫైళ్ళు పెడతారంటే తట్టుకోలేకపోతున్నాను."

"నాకు అర్థమైందండీ," అంది. నిజంగానే అర్థమైంది. కానీ ఆమె బుర్రలో అప్పటికే ఇంకో పురుగు దూరింది.

లెక్కించేవాళ్ళకి ఇచ్చిన నియమావళిని ఆమే రాసింది. అందులో నాలుగో నియమం: ప్రధాన ద్వారం వద్ద నిలబడి లెక్కించవలెను. ఐదో నియమం: ప్రార్థనకు భంగం కలుగును కనుక లోపలికి వెళ్ళరాదు. ఈ రెండూ తన ఒక్కదానికే కాదు, నలభై ఏడు మందికీ ఇచ్చింది. ఫోను తీసి, ఊరికి అవతలి వైపు చర్చిని లెక్కపెట్టిన తన సహోద్యోగికి చేసింది.

"ఒక్క ప్రశ్న. నువ్వు నిలబడ్డ చర్చికి ఎన్ని తలుపులున్నాయి?"

"మూడు మేడం. పక్క తలుపులోంచి చాలామంది పోతున్నారు. మీరు ముందు తలుపు దగ్గర నుంచి కదలొద్దన్నారుగా, నేను అస్సలు కదల్లేదు!" అన్నాడతను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

ఆమె ఫోను పెట్టేసి అక్కడే ఉన్న ముక్కాలి పీట మీద కూలబడింది. ఒక్క చర్చి కాదు. నివేదిక మొత్తం అంతే. నలభై ఏడు ముందు తలుపుల లెక్కను ఊరంతా క్రైస్తవుల లెక్క అనుకుంటోంది. ఆ నివేదిక బాగుందనే వచ్చే నెలలో ఆమెను విభాగాధిపతిని చేస్తామన్నారు. కుర్చీకి కొత్త గుడ్డ కూడా వేయించారు.

కెటిల్ పెద్దమ్మ వేడి టీ తెచ్చి చేతిలో పెట్టింది. "ఏంటమ్మాయ్, మొహం అలా అయిపోయింది?"

"టీ తాగి మా డైరెక్టరుగారికి ఫోన్ చెయ్యాలి పెద్దమ్మా."

"అయితే ఇంకో స్పూను పంచదార వేస్తానుండు," అంది పెద్దమ్మ.

టీ తాగింది. ఫోను చేసింది. అంతా చెప్పింది, ఎక్కడా నసగలేదు. అవతల డైరెక్టరుగారు చాలాసేపు దగ్గారు.

"ఆ నివేదిక ఇప్పుడు పై అధికారుల బల్ల మీదుంది. దానికింద నీ సంతకం ఉంది, నా సంతకం ఉంది. రేపు మునిసిపాలిటీలో పందొమ్మిదే చదువుతాను. తలుపుల సంగతి తర్వాత తీరిగ్గా చూద్దాం. నువ్వు అలసిపోయినట్టున్నావు. రేపు సెలవు పెట్టు."

"సార్, తప్పని తెలిశాక—"

"సెలవు పెట్టమన్నాను." ఫోను పెట్టేశారు.

చుట్టూ మూగినవాళ్ళందరూ ఆమె మొహం చూసే సంగతి కనిపెట్టేశారు. ముందుగా తేరుకున్నది దర్జీ. జేబులోంచి మునిసిపాలిటీ నోటీసు తీసి, కళ్ళజోడు సర్దుకుని, చివరి లైను చదివాడు. "ఆసక్తి గలవారు హాజరు కావచ్చును. ఇంకేం మరి! కాగితం మీద లెక్క నమ్మకపోతే మనమే పోయి ఎదురుగా నిలబడదాం. లెక్కపెట్టుకోనీ!"

వంటిల్లంతా హోరెత్తింది. ఎవరో ప్లేటు మీద గరిటెతో వాయించారు. బస్సు మాట్లాడదామన్నారు, పాట పాడుకుంటూ పోదామన్నారు. పెద్దమ్మ బల్ల మీద కెటిలు ఠంగుమని కొట్టి అందర్నీ ఊరుకోబెట్టింది. "రేపు సోమవారం, పదకొండు గంటలకి. రాగలిగినవాళ్ళు చేతులెత్తండి!"

నర్సు చెయ్యి సగం లేచి ఆగింది. రేపు పొద్దుటి డ్యూటీ. కాలేజీ పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పరీక్షలు. బిడ్డ తల్లి మార్కెట్‌లో కొట్టు తెరవాలి. దర్జీకి పెళ్ళివాళ్ళ బట్టలు రేపు మధ్యాహ్నానికి ఇచ్చేస్తానన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పాస్టరుగారు మాత్రం చెయ్యెత్తారు. మెకానిక్కు కూడా ఎత్తబోయి, పెద్దమ్మ చూపు చూసి దించేశాడు.

హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డ రైలు తాతయ్య కర్ర ఎత్తాడు. ఆయన పక్కన ఇంకో కర్ర లేచింది. చక్రాల కుర్చీలోంచి ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. లెక్కలమ్మాయి అలవాటుగా లెక్కపెట్టింది. పాస్టరుగారు కాక ఇరవై మంది. ఒక్కరికీ నల్లజుట్టు లేదు.

ముందు తాతయ్యకే అర్థమైంది.

"ఓరి నాయనో!" అని కర్ర దించి నవ్వడం మొదలుపెట్టాడు. "ఆవిడ లెక్క తప్పని చెప్పడానికి మేమందరం పోయి, అదే లెక్క నిజం చేసొస్తామన్నమాట!"

ఆయన నవ్వుకి కర్రలవాళ్ళందరూ నవ్వారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు నవ్వారు. కడుపులు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఏం చెయ్యాలో తోచకపోయినా నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో లెక్కలమ్మాయి కూడా చెయ్యెత్తి నిలబడింది.

"నువ్వెందుకమ్మాయ్?" అంది పెద్దమ్మ. "మీ సారు నిన్ను రావద్దన్నాడుగా?"

"సెలవు పెట్టమన్నారు పెద్దమ్మా. పెట్టేశాను. సెలవురోజు ఎక్కడికెళ్ళాలో ఆయన చెప్పలేదు."

ఈసారి నవ్వు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. అది పూర్తిగా తగ్గకముందే ఆమె ఫోను మోగింది. కొత్త నంబరు. 'ఖాళీ హాలు' వార్త రాసిన విలేకరి.

"మేడం, రేపటి సమావేశం గురించి రాస్తున్నాను. పందొమ్మిది అంకె ఖాయమని మీ డైరెక్టరుగారు ఇప్పుడే చెప్పారు. లెక్కపెట్టింది మీరే కదా. మీరూ అదే అంటారా?"

నూట అరవై మూడు మందీ, వాళ్ళతోపాటు మెకానిక్కూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. ఆమెకు కొత్త గుడ్డ వేసిన కుర్చీ ఒక్కసారి గుర్తొచ్చింది. అదీ ఒక్కసారే.

"మీ దగ్గర పెన్నుందా?" అంది లెక్కలమ్మాయి. "రాసుకోండి."